దీపం ఉన్న ఇల్లు

మీ అమ్మాయో కోడలో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఉంటే, పురుడు పోయడానికి వెళ్లిన మీరు ఆర్నెల్లూ పొయ్యికీ ఉయ్యాలకీ మధ్య తిరిగి వచ్చేయకండి. ఒక్క ఆదివారం న్యూపోర్ట్ తీసుకెళ్లమని అడగండి. కారులో గంటన్నర ప్రయాణం. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు.

ఆ ఊరు వెళ్లినవాళ్లు ముందుగా చూసేది వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడు 1895లో కట్టించుకున్న ‘బ్రేకర్స్’ భవనం. వేసవి విడిది అట! 70 గదులు. మేమూ చూశాం. అందరూ పైకప్పు మీది నగిషీలు చూస్తుంటే నాకు మాత్రం ఇన్ని గదులూ రోజూ ఎవరు ఊడ్చేవాళ్లమ్మా అన్న ధ్యాసే.

కానీ మీకు చెప్పాలనుకున్నది ఆ మేడ సంగతి కాదు.

మధ్యాహ్నం రేవు పక్కన కింగ్ పార్క్‌లో దుప్పటి పరిచి పులిహోర డబ్బా విప్పాం. అక్కడికి దగ్గర్లోనే నీళ్లలో ఓ రాతి గుట్ట, దాని మీద ఒక ఇల్లు కనిపించాయి. ఒడ్డు నుంచి దానికి సన్నని కాలిబాట వంతెన వేసి ఉంది. “అదే అత్తయ్యా, నేను చెప్పిన లైట్‌హౌస్” అన్నాడు అల్లుడు. నేను నమ్మలేదు. లైట్‌హౌస్ అంటే మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ మీద ఉన్నట్టు ఠీవిగా కనబడాలి కదా! ఇదేమో మామూలు కాపురం ఇల్లు. ఒక మూల గోడను ఆనుకుని ఇటుకల దిమ్మె, దాని తల మీద దీపం గూడు, అంతే. మేడ మీది గదిలోంచే దీపం దగ్గరికి వెళ్లొచ్చట.

ఆ గుట్ట పేరు లైమ్ రాక్. ఒడ్డుకు 200 గజాల దూరం ఉంటుందేమో. ఇప్పటి వంతెన అప్పట్లో లేదు, పడవే గతి. 1854లో అక్కడ మొదటిసారి దీపం వెలిగించారు. తరవాత మూడేళ్లకు ఇల్లు కట్టారు. కీపరు కెప్టెన్ హోసియా లూయిస్ భార్యాపిల్లలతో ఆ ఇంట్లో కాపురం పెట్టాడు. కొద్ది నెలలు తిరక్కుండానే ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. పెద్దకూతురు ఐడాకి అప్పటికి పదిహేనో పదహారో.

తల్లి మంచం మీది మనిషిని చూసుకోవాలి. చిన్నపిల్లల్ని పడవలో బడికి దింపడం, ఊళ్లోంచి సరుకులు తేవడం ఐడా పని. దీపం పని తల్లీకూతుళ్లిద్దరిదీ. పొద్దుగూకగానే నూనె పోసి వెలిగించాలి. అర్ధరాత్రి లేచి మళ్లీ పోయాలి. ఒత్తి కత్తిరించాలి, అద్దానికి పట్టిన మసి తుడవాలి, ఇత్తడి సామాను తళతళలాడేలా తోమాలి. లాంతరు చిమ్నీలు తుడిచిన చేతులు మనవి, ఈ చాకిరీ ఎలాంటిదో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్కరోజుకైతే ఎవరైనా చేస్తారు. జ్వరం వచ్చినా, చుట్టాలొచ్చినా, ఒక్క రాత్రి కూడా మానడానికి వీల్లేకుండా ఏళ్ల తరబడి చేయడం వేరు.

మరి కీపరుగా రికార్డుల్లో ఎవరి పేరు ఉండేదనుకున్నారు? తండ్రి పేరే. 1872లో ఆయన పోయాక తల్లి పేరు రాశారు. ఐడా పేరు ఎక్కింది 1879లో, అదీ బర్న్‌సైడ్ అనే సెనేటర్ గట్టిగా పూనుకుంటే! ఏడాదికి 750 డాలర్ల జీతం. అప్పటికి ఆవిడకు 37 ఏళ్లు. చేసే చెయ్యి ఒకరిది, పేరు ఒకరిది. ఈ పద్ధతి మన ఇళ్లలోనే అనుకున్నాను, అక్కడా ఇంతేనన్నమాట.

అసలు కథ ఇంకా చెప్పలేదు కదూ! ఐడా పేరు దేశమంతా మోగింది దీపం వల్ల కాదు, తెడ్డు వల్ల. 1858లోనే, పడవ బోల్తాపడి మునిగిపోతున్న నలుగురు కుర్రాళ్లను తన పడవలోకి లాగి బతికించింది. 1867 చలికాలంలో ఇంకో తమాషా జరిగింది. ఒక షావుకారు గారి గొర్రె నీళ్లలో దూకింది. దాన్ని పట్టుకోవడానికి పడవ వేసుకు వెళ్లిన ముగ్గురూ తామే ప్రమాదంలో పడ్డారు. ఐడా ముందు మనుషుల్ని ఒడ్డుకు చేర్చి, మళ్లీ వెళ్లి గొర్రెనూ పట్టుకొచ్చింది. పాపం, ఆ గొర్రె విలువ ఎంతో గానీ!

1869 మార్చి 29న మంచు తుఫాను. జలుబుతో ఒళ్లు బాగాలేక ఐడా పొయ్యి దగ్గర కాళ్లు కాచుకుంటోంది. అవతలి కోటకు చెందిన ఇద్దరు సిపాయిలు తిరగబడ్డ పడవను పట్టుకుని వేలాడటం తల్లి కంటపడింది. చెప్పులూ లేవు, కోటూ లేదు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఐడా పడవ దగ్గరికి పరుగెత్తింది. సిపాయిలిద్దరూ బతికారు. వాళ్ల పడవ నడిపిన పద్నాలుగేళ్ల కుర్రాడు మాత్రం అప్పటికే నీళ్లపాలయ్యాడు. పత్రికలు ఆ సాహసం గురించి రాసినంతగా ఆ పిల్లవాడి గురించి రాయలేదు. నాకు మాత్రం వాడి తల్లే గుర్తొస్తోంది.

ఆ తరవాత చూడాలి సందడి! ఆ జూలై 4న ఊరంతా ఐడా పేరిట పండగ చేసి ‘రెస్క్యూ’ అనే కొత్త పడవ బహూకరించారు. అధ్యక్షుడు గ్రాంట్ స్వయంగా వచ్చి పలకరించాడు. ఆమె పేరుతో నాట్య సంగీతం అచ్చయింది. ఆ వేసవిలో వేలమంది గుట్ట చూడ్డానికి వచ్చారు. మంచం మీది తండ్రికి వచ్చేపోయేవాళ్లను లెక్కపెట్టడమే కాలక్షేపమట. వచ్చినవాళ్లకు మర్యాదలు ఎవరు చేశారో, కాఫీలు ఎవరు కలిపారో మీరే ఊహించుకోండి.

1870లో పెళ్లయింది. భర్త ఊరు కనెక్టికట్‌లో. ఆ కాపురం ఎక్కువకాలం నిలవలేదు. ఐడా తిరిగి గుట్ట మీది ఇంటికే వచ్చేసింది. 1881 ఫిబ్రవరిలో మంచు పలక విరిగి నీళ్లలో పడ్డ మరో ఇద్దరు సిపాయిలను కాపాడినందుకు ప్రభుత్వం బంగారు పతకం ఇచ్చింది. అరవై దాటాక కూడా తెడ్డు వదల్లేదు. మొత్తం 18 మందిని కాపాడిందని లెక్క. ఇంకా ఎక్కువేనంటారు, తను మాత్రం లెక్క రాసుకోలేదట.

1911 అక్టోబరులో ఆ ఇంట్లోనే కన్నుమూసింది. ఆ రాత్రి రేవులో ఉన్న ఓడలన్నీ గంటలు మోగించాయి. ఆమె తరవాత వచ్చిన కీపరు తనకు ఆడపిల్ల పుడితే ఐడా లూయిస్ అని పేరు పెట్టుకున్నాడు. 1924లో లైమ్ రాక్ పేరే ‘ఐడా లూయిస్ రాక్’ అని మార్చారు. కానీ ఆ పేరుతో ఆ దీపం మూడేళ్లే వెలిగింది. 1927లో దాన్ని తీసేసి, పక్కనే ఇనుప స్తంభం మీద దానంతటదే వెలిగే దీపం పెట్టారు. మనిషి అక్కర్లేదు, అర్ధరాత్రి లేవక్కర్లేదు. 1963లో దాన్నీ ఆపేశారు.

ఇల్లు 1928 నుంచి ఐడా పేరుతోనే ఒక పడవల క్లబ్బు చేతిలో ఉంది. సభ్యులు కానివాళ్లను లోపలికి రానివ్వరు. వంతెన మొదట్లో నిలబడి చూడాల్సిందే. మేమూ అక్కడే నిలబడ్డాం. వాళ్ల జెండా మీద లైట్‌హౌస్ బొమ్మ, దాంతోపాటు 18 నక్షత్రాలు. మా అమ్మాయి వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది.

ఊళ్లోని పాత శ్మశానంలో ఆమె సమాధి కూడా ఉంది. రాతి మీద లంగరు, తెడ్లు చెక్కారు. మనవరాలికి పాలవేళ అవడంతో మేం ఎక్కువసేపు నిలబడలేదు. మీరు వెళితే శాలువా మరిచిపోకండి, మే నెలలో కూడా ఆ ఒడ్డున గాలి ఎముకలు కొరికేస్తుంది. పులిహోర మాత్రం కాస్త ఎక్కువే కలుపుకు వెళ్లండి, సముద్రపు గాలికి ఆకలి రెట్టింపవుతుంది.