కనబడని తెలుగు ఫైలు

తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు జావాతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. ఆ పని పెట్టినది ఒక తెలుగు ఫైలు.

కోనసీమలోని ఒక విద్యాసంస్థ ప్రవేశ దరఖాస్తులను ఇంటర్నెట్టు ద్వారా స్వీకరిస్తున్నది. ఆ పుటలకు తెలుగు మాటలను మేము సమకూర్చాము. ఉర్దూ మాటలను ఒక అధ్యాపక మిత్రులు సమకూర్చారు. ‘దరఖాస్తు’, ‘రసీదు’, ‘జవాబు’ ఉభయ భాషల సొత్తే గనుక వాటి విషయమై మా ఇద్దరికీ తగవు రాలేదు.

గత వేసవిలో ఆ ప్రోగ్రామును పాత స్ప్రింగ్ చట్రం నుండి స్ప్రింగ్ బూట్ 3కు మార్చారు. 2022 నవంబరులో వెలువడిన ఈ చట్రానికి కనీసం జావా 17 కావలెను. పాతదానికి భద్రతా సవరణలు ఆగిపోతాయి గనుక మార్పు అవసరమే. మారిన మరునాడే రాజోలు నుండి ఒక తల్లి ఫోను చేశారు. “తెలుగు తీసేశారేంటండీ మాస్టారూ? మా అమ్మాయి దరఖాస్తు నేనే నింపుదామనుకున్నానండి” అన్నారు. గడువు నాలుగు రోజులే ఉన్నది.

పుట తెరిచి చూచాము. అంతా ఇంగ్లీషే. ఉర్దూ కూడా లేదు. ఎక్కడా లోపమున్నట్లు ఒక్క సూచన అయినా లేదు.

అమలాపురంలో ఇంటి నుండే ఉద్యోగం చేసుకొనే మా పూర్వవిద్యార్థిని పిలిపించాము. ప్రోగ్రామును అతడు తన కంప్యూటరులో నడిపితే తెలుగు చక్కగా కనబడినది. సర్వరులో మాత్రం లేదు. గంటసేపటికి గుట్టు తెలిసింది. పూర్వం టామ్‌క్యాట్ ఆ ప్రోగ్రాము మూటను విప్పి, ఫైళ్లను డిస్కుపై విడివిడిగా పరచేది. ఇప్పుడు సర్వస్వమూ జార్ అనే ఒకే మూటలో ఉండి, విప్పకుండానే నడుస్తుంది. పాత ప్రోగ్రామేమో ‘గెట్‌ఫైల్’ అంటూ డిస్కుపై చిరునామా అడుగుతున్నది. మూటలోని వస్తువుకు అట్టి చిరునామా ఉండదు. అతని కంప్యూటరులో ఫైళ్లు విడిగానే ఉన్నందున అక్కడ లోపం బయటపడలేదు.

కోనసీమవారికి ఇది వివరించుట సులభము. బొండాంలో నీరున్నది, ఆ నీటికి వేరే చిరునామా లేదు. కాయకు కన్నం పెట్టి త్రాగవలసినదే. ఆ కన్నం పేరు ‘గెట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్’.

కన్నం పెట్టగా తెలుగు వచ్చింది గాని, చదువ శక్యము కాలేదు. జావాలో ‘ప్రాపర్టీస్’ అనే సాధనం చేతికి వట్టి బైట్లను ఇస్తే నేటికీ వాటిని ఐ.ఎస్.ఓ. 8859-1 అనే లాటిన్ లిపి లెక్కన చదువుతుంది. 2017లో జావా 9 తెచ్చిన యు.టి.ఎఫ్-8 సౌకర్యం ‘రిసోర్స్ బండిల్’కే గాని దీనికి వర్తించదు. ‘తెలుగు’ అనే మాటకు యూనికోడులో సంకేతాలు ఆరు. ఒక్కొక్కదానికి మూడు బైట్లు. వెరసి మన భాష పేరు 18 లాటిన్ గుర్తులుగా విడిపోయింది; వాటిలో కొన్ని కంటికి కనబడవు కూడా. యు.టి.ఎఫ్-8 అని స్పష్టంగా చెప్పే ‘రీడర్’ను మధ్య నిలుపగా అక్షరాలు కుదుటపడినవి. ఆ తల్లికి మేమే ఫోను చేసి చెప్పాము. గడువులోగా దరఖాస్తు నింపారు.

మమ్ము కలవరపెట్టినది ఈ రెండు లోపాలూ కావు. ఫైలు దొరకనప్పుడు ప్రోగ్రాము చప్పుడు చేయక ఇంగ్లీషు చూపుట. దీనిని సౌకర్యమంటారు. పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే జరిగినవి గనుక అన్నీ సవ్యంగా ఉన్నట్లే నమోదైనవి. ఇంగ్లీషు మాటలు మాయమై తెలుగు వచ్చి ఉంటే ఒక్క గంట ఆగేవారా? అడిగినదల్లా ఆ రాజోలు తల్లి ఒక్కరే.

“మాస్టారూ, ఫైలు లేకపోతే ప్రోగ్రామే మొదలు కాకుండా చేయమంటారా?” అని మా విద్యార్థి అడిగాడు. చేయుమన్నాము. తరువాతి మార్పునాడు అది నిజంగానే మొరాయించింది. ఉర్దూ ఫైలు పేరులో చిన్న అక్షరముండవలసిన చోట పెద్ద అక్షరం పడినది. విండోస్‌లో సాగే ఆ భేదం లినక్స్‌లో సాగదు. సరిచేయుటకు రెండు నిమిషాలు పట్టింది.