పొగతాగని వాడి పైపులు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చిన రోజున నేను వరండాలో కూచుని ఒక పాత పైపును దూదితో తుడుస్తున్నాను. ఒకడు నా చేతివంక చూశాడు. ఇంకొకడు నా మొహంవంక చూశాడు. "మాస్టారూ, మీరు..." అంటూ మూడోవాడు నసిగాడు.

"తాగనోయ్, కడుగుతానంతే" అన్నాను. నమ్మినట్టు లేదు. అందుకే ఈ వ్యాసం.

జీవితంలో ఒక్క సిగరెట్టు కాల్చినవాణ్ణి కాను. గిరీశంగారి లెక్కన వచ్చే జన్మలో నాకు దక్కబోయే రూపమేదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా 2014లో రిటైరయినప్పటి నుంచి నలభై దాకా పాత పైపులు బాగుచేశాను. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఇనపసామాను మధ్య దొరికినవి కొన్ని. నా పాత విద్యార్థులు తాతల పెట్టెల్లోంచి తీసి తెచ్చినవి కొన్ని.

పైపు అంటే ముఖ్యంగా రెండు ముక్కలు. పొగాకు కూరే గిన్నె ఒకటి, నోట్లో పెట్టుకునే నల్లని గొట్టం ఒకటి. మంచి పైపుల గిన్నెను బ్రయర్ కర్రతో చేస్తారు. మధ్యధరా సముద్ర ప్రాంతాల్లో ఎరికా ఆర్బోరియా అనే పొద పెరుగుతుంది. దాని వేరు మొదట్లో ఉబ్బే గడ్డ అది. గంటల తరబడి నీళ్ళలో ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి, ఆపైన తొలుస్తారు. నిప్పుకు ఓర్చుకునే కర్ర. ఇక గొట్టం సాధారణంగా ఎబొనైట్. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఏమవుతుందో 1839లో ఛార్లెస్ గుడియర్ కనిపెట్టాడు. గంధకం పాలు బాగా పెంచితే ఆ రబ్బరు సాగడం మానేసి కొమ్ములా గట్టిపడుతుంది. అదే ఎబొనైట్. మన రాజమండ్రి రత్నం పెన్నుల ఒళ్ళు కూడా దీంతో చేసినదే.

పని ఇలా సాగుతుంది. ముందు గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ ఊడదీయాలి. గుంజితే గిన్నె కాడ చీలుతుంది. గిన్నె లోపల బొగ్గులాంటి గార ఉంటుంది. దాన్ని పూర్తిగా గీకెయ్యకూడదు. రూపాయి బిళ్ళంత మందాన ఉంటే కర్ర కాలిపోకుండా కాపాడుతుంది. మరీ మందమైతే వేడికి వ్యాకోచించి కాపాడవలసిన గిన్నెనే పగలగొడుతుంది. తరవాత గిన్నెలో ఉప్పు నింపి, చుక్కలు చుక్కలుగా స్పిరిట్ పోసి, దీపాలకు దూరంగా రాత్రంతా వదిలేస్తాను. తెల్లారేసరికి ఉప్పు కాఫీపొడి రంగుకు తిరుగుతుంది. ఎన్నేళ్ళదో ఆ తారూ కంపూ అందులోకి దిగుతాయి.

గొట్టం సంగతి వేరు. వెలుతురూ గాలీ సోకి నల్లని ఎబొనైట్ పాచిపట్టినట్టు పచ్చగా మారుతుంది. తడిపిన ఎమెరీ కాగితం 400 నెంబరుతో మొదలెట్టి 2000 దాకా రుద్దుకుంటూ పోవాలి. ఒక్కో నెంబరూ తన ముందుదాని గీతల్ని చెరుపుతుంది. చివర కాస్త మైనం.

ఇందులో తొందర పనికిరాదు. రిటైరయిన కొత్తలో పొద్దున్న పదయ్యేసరికి ఎక్కడో గంట మోగినట్టయి లేచి నిలబడేవాణ్ణి. పైపు చేతిలో ఉంటే పది ఎప్పుడయిందో తెలియదు. మనసు వేలికొనల దగ్గరకి దిగి కూచుంటుంది.

ఇక అసలు సంగతి.

మా నాన్నగారు గుంటూరులో పొగాకు కంపెనీ బయ్యరు. ఆకును నలిపి, వాసన చూసి గ్రేడు చెప్పేవారు. మాకు అన్నం పెట్టిందీ, నన్ను ఎమ్మెస్సీ చదివించిందీ ఆ వర్జీనియా పొగాకే. 1958లో కంపెనీ దొర స్వదేశం వెళ్ళిపోతూ ఆయనకో పైపు ఇచ్చాడు. ఇరవై మూడేళ్ళు అది ఆయన నోటినుంచి దిగలేదు. 1981లో నోటి కేన్సరుతో పోయారు.

నాకా పైపంటే ఒళ్ళుమంట. అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున దాచుకుంది. ముప్పై మూడేళ్ళు నేను ముట్టుకోలేదు. రిటైరయ్యాక, ఊసుపోక, అడిగి తీసుకున్నాను. నేను బాగుచేసిన మొదటి పైపు అదే.

జిడ్డు వదులుతుందని గొట్టాన్ని మరిగే నీళ్ళలో పడేశాను. పచ్చదనం ఇంకా పైకి తేలింది. కసిగా రుద్దాను. నాలుగు రోజులకి కొత్త పెన్నులా నిగనిగలాడింది. గర్వంగా తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ బొటనవేలితో గొట్టం కొసను తడిమింది. మళ్ళీ తడిమింది.

"బాగుంది గాని, ఇది మీ నాన్నది కాదురా అబ్బాయ్" అంది.

"అదేమిటమ్మా, నీ పెట్టెలోదేగా!"

"ఇక్కడ గాటుండాలి. ఎడంపక్క. ఆయన కోరపన్ను పడీ పడీ గుంట పడింది. పెట్టె తీసినప్పుడల్లా వేలుపెట్టి చూసుకునేదాన్ని."

అప్పుడు తట్టింది. వేడి తగిలితే ఎబొనైట్ మెత్తబడి, అచ్చులో పొందిన మొదటి ఆకారానికి తిరిగి రాబోతుంది. పంటిగాట్లు పొంగి చదునవుతాయి. మిగిలిన కాస్తా ఎమెరీ కాగితానికి పోతుంది. వల్కనైజేషన్ పాఠం ముప్పై ఏళ్ళు చెప్పినవాణ్ణి! ఆ సంగతి ఆ రోజున గుర్తుకు రాలేదు. రాకపోవడానికి నా కోపమే కారణమేమోనని ఇప్పటికీ అనుమానం.

అమ్మ నన్నేమీ అనలేదు. కాని పైపును మళ్ళీ పెట్టెలో పెట్టుకోలేదు. నా బల్లమీద వదిలేసి లోపలికి వెళ్ళింది. 2017లో తనూ పోయింది.

అప్పట్నుంచి నాకొక నియమం. ఎవరు పైపు తెచ్చినా ముందు అడుగుతాను: "ఇందులో ఏది ఉంచమంటారు?" చాలామంది తెల్లబోతారు. మొన్న ఒక పాత విద్యార్థి మాత్రం వెంటనే చెప్పాడు: "గిన్నె అంచుమీద ఆ కాలిన మచ్చ ఉంచండి సార్. తాతయ్య పొలంలో గాలికి అగ్గిపుల్ల అడ్డంగా పట్టి వెలిగించేవాడు." మచ్చను వదిలి చుట్టూ తుడిచాను. పని ఒక రోజు ఎక్కువే పట్టింది.

పిల్లలూ, పైపు వెలిగించమని రాయడం లేదు. మా రోజుల్లో స్టాఫ్‌రూము మబ్బుపట్టినట్టుండేది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం అమల్లోకి వచ్చింది; మంచిదయింది. నేను చెప్పేది వేరు. రేపు మీ చేతికీ పాతవి వస్తాయి: ఒక ఇల్లో, ఊరి చెరువో, ఈ కాలేజీ హాలో. బాగుచేయండి, తప్పకుండా చేయండి. నీళ్ళు పొయ్యిమీద పెట్టేముందు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళనొకసారి అడగండి.

నేను అడగలేదు.