పాలకుర్తిలో చుట్టు తొవ్వ

మా ఇంటి నుంచి పాలకుర్తి చౌరస్తాకు బండి మీద నాలుగు నిమిషాలు. మామూలు రోజుల లెక్క అది. పోయిన ఎండాకాలం రోడ్డు వెడల్పు పని మొదలయ్యాక అదే దూరం ఒకరోజు పావుగంట, ఇంకోరోజు అరగంట. ఏ రోజు ఎంతన్నది ఆ పూట జేసీబీ ఎక్కడ నిలబడిందో దాన్నిబట్టి ఉంటుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇంటి నుంచి పని చేసుకోమంటే రెండు నెలలు ఊళ్లో ఉన్నాను. గచ్చిబౌలి ట్రాఫిక్ తప్పిందని సంబరపడ్డ నాకు, కందిపప్పు తేవడానికి పెట్రోలు లెక్క వేసుకునే రోజులొచ్చాయి.

ఫోన్‌లో మ్యాప్ పెడితే నీలిరంగు గీత నేరుగా గోతిలోకి తీసుకుపోతుంది. పొద్దున తవ్విన సంగతి దానికెలా తెలుస్తుంది? అందుకే మా వాడకట్టులో బండి తీసే ముందు ఎదురొచ్చినవాళ్లను అడగడం అలవాటైంది.

"అన్నా, ఇయ్యాల ఏ గల్లీ తెరిచిండ్రు?"

"గుడి దిక్కు బందున్నది తమ్మీ. చింతచెట్టు కాడ ఎడమకు మళ్లు. ట్రాక్టర్ అడ్డమొస్తె జర ఆగు, ఆ సందుల రెండు బండ్లు పట్టయి."

ఇంత కచ్చితమైన సమాచారం ఏ యాప్ ఇవ్వదు.

పని ఆలస్యమయ్యేదంతా సోమరితనం వల్లే అనను. సీసీ రోడ్డు పోసిన తెల్లారి బండ్లు వదలడం కుదరదు. మీద గోనెపట్టాలు కప్పో, మట్టిగట్లు కట్టి నీళ్లు నిలిపో తడి ఆరకుండా చూడాలి. కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేదే 28 రోజులకు. పైగా రోడ్డంతా ఒక్కసారి మూసేస్తే ఊరు ఆగిపోతుంది కాబట్టి ముందు ఒక సగం, తర్వాత ఇంకో సగం. అంటే ఒకే బాధ రెండుసార్లు. ఇదంతా అర్థం చేసుకోగలను. ఏ రోజు ఏది మూస్తారో ముందురోజు చెప్పకపోవడమే అర్థం కాదు. మా ఆఫీసులో సర్వర్ పది నిమిషాలు ఆపాలన్నా రెండు రోజుల ముందు అందరికీ మెయిల్ వెళుతుంది. ఇక్కడ గోతి దగ్గరికి వెళ్లాక గానీ గోతి ఉందని తెలియదు. ఒకచోట మాత్రం బోర్డు పెట్టారు. దాని మీద ఇంగ్లీషులో 'డైవర్షన్' అని ఒక్క ముక్క, పక్కన బాణం. బాణం చూపించే దిక్కున కంకర కుప్ప! పాల్కురికి సోమనాథుడు మావాడేనని గట్టిగా చెప్పుకునే ఊరు ఇది. జాను తెనుగులో బసవపురాణం రాసిన కవి ఊళ్లో 'రేపు ఈ తోవ బంద్, అటు నుంచి పోండి' అని రాసేవాళ్లు దొరకలేదు.

మా సోమేశ్వరస్వామి గుట్ట గురించి ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. గుట్ట చుట్టూ ప్రదక్షిణ చేయలేక ఆయాసపడుతున్న ముసలి భక్తురాలిని చూసి, స్వామి గుట్టనే చీల్చి దగ్గరి దారి ఇచ్చాడట. ఆ బండల నడుమ సందులోంచే ఇప్పటికీ ప్రదక్షిణ చేస్తారు. రోడ్డు పని జరిగినన్ని రోజులు నాకు ఆ కథే గుర్తుకొచ్చేది. ఎందుకంటే చుట్టు తొవ్వ అందరికీ ఒక్కటి కాదు. నాకు పోయేది పది నిమిషాలు, కాస్త పెట్రోలు. షేర్ ఆటోలు తవ్విన చోటుకు ఇవతలే దింపేస్తుంటే, పింఛన్ కోసం వచ్చే అవ్వలు ఎండలో కంకర మీద నడిచారు. ఆటో కిరాయి మాత్రం తగ్గలేదు.

మా చిన్నాయనది ఇంకో కష్టం. యాసంగి వడ్లు కోసి, ఐకేపీ సెంటర్‌కు తోలాలి. ట్రాక్టర్ కిరాయి ట్రిప్పు లెక్కన. దారి పెరిగేసరికి రోజుకు పడే ట్రిప్పులు తగ్గాయి, ట్రాక్టరాయన రేటు పెంచాడు. సాయంత్రమైతే మబ్బులు. కల్లంలో వడ్లు, చేతిలో టార్పాలిన్, కళ్లు ఆకాశం మీద. "రోడ్డు మంచిగయితె మంచిదే గని, నా వడ్లు తడిస్తె ఎవలిస్తరు?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. పండిన పంట ఇల్లు చేరడానికి ఈ నేల మీద ఎంత కొట్లాట జరిగిందో మాకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. చాకలి ఐలమ్మ పండించిన వడ్లను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, సంఘం వాళ్లతో కలిసి ఇంటికి చేర్చుకున్నది ఇక్కడే. చిన్నాయన గోడు అంత పెద్దది కాకపోవచ్చు. ఆయనకు మాత్రం ఏడాది కష్టం. చివరికి నాలుగు చినుకులు పడి ఆగాయి, గింజ దక్కింది.

చుట్టు తొవ్వ వల్ల నాకు ఒక్క మేలు జరిగిందని ఒప్పుకోవాలి. ఒకరోజు ఘనపురం స్టేషన్‌లో చెల్లెను దింపి వస్తుంటే కల్వర్టు పని దగ్గర ఆపేశారు. తిట్టుకుంటూ బమ్మెర మీదుగా తిరిగొచ్చాను. మా మండలంలోని ఊరే, పేరు వినని రోజు లేదు. అయినా బండి ఆపి పోతన సమాధి చూసింది ఆ రోజే. చుట్టూ పొలాలు, ఎక్కడో మోటారు చప్పుడు. పోతన నాగలి పట్టిన రైతు అని బడిలో చదివినప్పుడు అది పరీక్షలో రాసే జవాబు మాత్రమే. అక్కడ నిలబడితే నమ్మబుద్ధయింది. ఆ గంట ఆలస్యం నాకేమీ బరువనిపించలేదు. వెనకాల వడ్ల ట్రాక్టర్ తోలుకొస్తున్నాయనకు అదే గంట ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా!

మా చిన్నమ్మ కిరాణం దుకాణం సరిగ్గా రోడ్డు మీదే. ముందు సైడు కాలువ కోసం తవ్వి వారాల కొద్దీ వదిలేశారు. మెట్లు పోయాయి. పాత తలుపు చెక్క ఒకటి గోతి మీద అడ్డంగా వేసింది. పిల్లలు దాని మీద గెంతుతూ వచ్చి చాక్లెట్లు కొనేవాళ్లు, పెద్దవాళ్లు అవతలే నిలబడి "పావుకిలో చక్కెర ఇయ్యి" అని కేకేసేవాళ్లు. నెల సామాన్లు కొనే గిరాకీ వేరే దుకాణాలకు మళ్లింది. ఆ నెల చిట్టీ డబ్బులు కట్టడానికి చేబదులు తెచ్చుకుంది.

మొన్న ఫోన్ చేస్తే చెప్పింది. ఆమె వైపు కాలువ మీద బిళ్లలు వేశారట, మెట్లు కూడా కట్టించుకుందట. ఎదుటి వైపు తవ్వకం మొదలైందట. అటు పక్క టైలర్ పొద్దున్నే వచ్చి ఆ తలుపు చెక్క అడిగి తీసుకుపోయాడట.