బళ్లారి బాట

గుంతకల్లులో రైలెక్కితే సుమారు గంటలో బళ్లారి. ఊరి మధ్య పెద్ద రాతిగుట్ట, దానిమీద కోట. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లా. దారి తెలుగులో అడిగినా చెబుతారు. నాటకప్రియులకు ఇది బళ్లారి రాఘవ ఊరు. మనసు జబ్బుల వైద్యంలోనూ దీనికో చోటుంది.

సైకియాట్రిస్టులు ఎక్కువగా ఉండేది నగరాల్లోనే. మరి పల్లెలో మతి చెదిరిన మనిషిని ఎవరు చూడాలి? 1985లో బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు ఈ జిల్లాను ఎంచుకున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మానసిక జబ్బుల్నీ మూర్ఛనీ గుర్తించడం, మందులివ్వడం నేర్పారు. ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చారు. బెంగళూరు దాకా వెళ్లలేని కుటుంబాలకు దగ్గర్లోనే వైద్యం దొరికింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఇదే నమూనా. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి.

అయినా కొరత తీరలేదు. లక్షమందికి ముగ్గురు సైకియాట్రిస్టులు కావాలి. ఉన్నది 0.75 మందేనని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం తేల్చింది. అంటే నాలుగు కుర్చీలు వేస్తే మూడు ఖాళీ!

అందుకే ఒక్క నంబరు రాసిపెట్టుకోండి... 14416. 2022లో వచ్చిన టెలి మానస్. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు.