8085 చదువు, గేమ్‌బాయ్ కొలువు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే “పిల్లలకి కోడింగ్ చెబుతానండీ” అని సరిపెట్టేస్తాను. పుట్టినరోజు పార్టీలో నిలబడి అంతకుమించి చెప్పబోతే అవతలివాళ్లు ప్లేటు పట్టుకుని మెల్లగా జారుకుంటారు. నిజానికి నేను చేసేది ఇది: 1989లో నింటెండో తెచ్చిన గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టే ఆటపెట్టెకి, ఈనాడు, ఇంట్లో కూర్చుని కొత్త ఆటలు రాస్తాను. రాసినవాటిని విప్పి, మార్చి, సొంతం చేసుకోవడం పిల్లలకి నేర్పుతాను. అన్నీ ప్లాట్‌ఫార్మర్లే, అంటే మారియో కోవవి. మనిషి పరిగెడతాడు, గెంతుతాడు, అరుగు మీంచి అరుగు మీదకి దూకుతాడు, మధ్యలో పడితే పోతాడు. కంపెనీ లైసెన్సుతో పని లేకుండా ఔత్సాహికులు చేసుకునే ఇలాంటి ఆటల్ని హోమ్‌బ్రూ అంటారు.

నన్ను ఇందులోకి తోసింది వీసా. నేను వచ్చింది హెచ్-4 మీద. మా ఆయనకి ఉద్యోగం, నాకు ఉద్యోగం చేయకూడదన్న షరతు. కాకినాడలో ఈసీఈ చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, ఇక్కడికొచ్చి గరాజ్ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూసే బీటెక్‌లు మా సబ్‌డివిజన్‌లో వీధికి నలుగురుండేవారు. కొందరు టెస్టింగ్ కోర్సులు నేర్చుకున్నారు, కొందరు కేకులు. నాకు గరాజ్ సేల్‌లో ఒక పాత గేమ్‌బాయ్ దొరికింది. బాబు ఆడుకుంటాడని కొన్నాం. వాడు రెండు రోజుల్లో వదిలేశాడు. నేను దాని ప్రాసెసర్ ఏమిటా అని వెతికాను.

ఆ ప్రాసెసర్ షార్ప్ కంపెనీది. ఇంటెల్ 8080కీ, జైలాగ్ జడ్80కీ దగ్గరి చుట్టం. మన ఇంజినీరింగ్ కాలేజీల మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో ఉండే 8085 కూడా ఆ 8080 వంశమే. కిట్ ముందు కూర్చుని, అడ్రస్ కొట్టి, ఆప్‌కోడ్లు ఒక్కొక్కటీ ఎక్కించి, ఎక్స్‌టర్నల్ వచ్చేలోపు జవాబు ఎర్ర అంకెల్లో కనపడితే దేవుడికి దండం పెట్టుకున్న వాళ్లందరికీ నేను చెప్పేది అర్థమవుతుంది. గేమ్‌బాయ్ ఆప్‌కోడ్ల పట్టిక తెరిస్తే ఎ రిజిస్టర్‌లో అంకె వేయడానికి 3ఇ. జంప్‌కి సి3. రిటర్న్‌కి సి9. హాల్ట్‌కి 76. అన్నీ నా ల్యాబ్ రికార్డులో ఉన్నవే! పేర్లు మారాయి, మనం ఎంవీఐ అన్నదాన్ని వీళ్లు ఎల్‌డీ అంటారు, అంకెలు మాత్రం అవే. కొన్ని తీసేశారు కూడా: 8085లోని ఇన్, అవుట్ ఇన్‌స్ట్రక్షన్లు దీంట్లో లేవు, బటన్లూ స్క్రీనూ అన్నీ మెమరీ అడ్రస్‌ల ద్వారానే. గుణకారం అక్కడా లేదు, ఇక్కడా లేదు. అమెరికాలో ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగని ఆ చదువు, ఈ పెట్టె దగ్గర నిన్న చదివినంత తాజాగా పనికొచ్చింది.

మొదటి ఆట పూర్తయ్యాక దాన్ని ఏం చేయాలన్నది ఇంకో సమస్య. చిన్న ధర పెట్టి అమ్ముకునేవాళ్లున్నారు. హెచ్-4 మీద ఉన్న మనిషి అమ్మితే అది పని కిందకి వస్తుందేమోనని భయం. వీసా విషయంలో మనవాళ్లెవరూ ధైర్యాలు చేయరు కదా. అందుకని సోర్సుతో సహా ఉచితంగా ఇచ్చేశాను. ఎవరైనా మార్చుకోవచ్చని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం ఔదార్యం కాదు, జాగ్రత్త. కానీ నా పనిలో అసలు రుచి దానివల్లే తెలిసింది. మొహం చూడని మనుషులు నా ఆటని మార్చి తిరిగి పంపడం మొదలుపెట్టారు. ఒకరు పగలుని రాత్రి చేశారు. ఒకరు శత్రువుల్నందరినీ తీసేసి, ఉత్త నడక ఆటగా మార్చారు. ముందు కోపం వచ్చింది, ఆడి చూస్తే అదీ బాగుంది. డబ్బు తీసుకుని ఉంటే కొన్నవాళ్లు మార్కులేసి వెళ్లిపోయేవాళ్లు.

2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు దాటినవారి హెచ్-4 జీవితభాగస్వాములకి పని అనుమతి ఇచ్చే నిబంధన అమల్లోకి వచ్చింది. పని అనుమతి కార్డు చేతికొచ్చాక డైనింగ్ టేబుల్ మీదే క్లాసు మొదలుపెట్టాను. చిన్నపిల్లలకి జీబీ స్టూడియో. క్రిస్ మాల్ట్‌బీ అనే ఆయన చేసి 2019లో అందరికీ ఉచితంగా ఇచ్చిన సాధనం అది, కోడ్ రాయకుండానే గేమ్‌బాయ్‌లో నడిచే ఫైల్ ఇస్తుంది. పెద్దపిల్లలకి నా ఆట సోర్సు. ఫైల్ పై భాగంలో గురుత్వాకర్షణ, గెంతు వేగం, నడక వేగం, ఇలాంటి కొన్ని అంకెలు ఉంటాయి. కింద ఉన్నదంతా వాటి మీద నడుస్తుంది.

మొదటి క్లాసులో సిద్ధాంతం చెప్పను. గురుత్వాకర్షణ అంకెని సగం చేయమంటాను. బిల్డ్ కొడతారు. హీరో పైకి లేచి, స్క్రీన్ దాటి, ఎక్కడికో పోతాడు. గది దద్దరిల్లుతుంది. తరవాత వాళ్లే అంకెల్ని కొంచెం కొంచెం సరిచేసుకుంటూ, సెకనుకి సుమారు అరవై ఫ్రేములని, ప్రతి ఫ్రేములోనూ వేగానికి ఆ అంకె కలుస్తూ ఉంటుందని, అందుకే గెంతు గీత వంపు తిరుగుతుందని తెలుసుకుంటారు. ఫిజిక్స్ టీచర్లు నన్ను క్షమించాలి.

ఆ అంకెల్లో ఒకటుంది, దాని పేరు పిల్లలకి నేను ముందు చెప్పను. హీరో అరుగు అంచు దాటి గాల్లోకి వెళ్లాక కూడా ఎన్ని ఫ్రేముల వరకు గెంతు బటన్ ఒప్పుకోవాలన్నది అందులో ఉంటుంది. ఆటలు రాసేవాళ్లు దీన్ని కొయోటీ టైమ్ అంటారు. సున్నా పెట్టి ఇస్తే పిల్లలు ఆడి “ఆంటీ, బటన్ పనిచేయట్లేదు” అంటారు. బటన్ బాగానే ఉంది, వాళ్లే ఆలస్యంగా నొక్కుతున్నారు, కానీ ఆ మాట ఏ ఆటగాడూ ఒప్పుకోడు. ఆరు పెట్టి ఇస్తాను, అంటే సెకనులో పదో వంతు. “ఇప్పుడు బాగైంది” అంటారు. ఏం మారిందో ఒక్కరూ పట్టుకోలేరు. ఆ తరవాత అంకె చూపిస్తే వాళ్ల ముఖాల్లో వచ్చే అనుమానం నాకు ఇష్టం. ఇన్నాళ్లూ ఆడిన ఆటలన్నీ ఇలా తమకి చెప్పకుండా సాయం చేశాయా అని.

ఒక అయిదో తరగతి అమ్మాయి చేసిన మార్పు గురించి చెప్పాలి. తెనాలి నుంచి వాళ్ల అమ్మమ్మ ఆరు నెలలకని వచ్చారు. ఈ పిల్ల హీరోని తీసేసి ఆవిడని పెట్టింది. ముడి, కళ్లజోడు, చీర, అన్నీ పదహారు పిక్సెళ్ల ఎత్తులో. అమ్మమ్మ కనక నడక వేగం తగ్గించింది, గెంతు బాగా తగ్గించింది. దాంతో నేను కట్టిన లెవెల్ ఒక్కటీ దాటడం కుదరలేదు. నేను గెంతు పెంచమన్నాను. “అమ్మమ్మ అంత ఎగరదు ఆంటీ” అని, లెవెళ్లన్నీ కూలగొట్టి మెట్లు వేసింది. రెండు మెట్లకోసారి ఆగడానికి చోటు పెట్టింది. శత్రువులేమో పేవ్‌మెంట్ మీదకి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, పార్కింగ్ లాట్లలో అరిచే నల్ల గ్రాకిల్ పిట్టలు. పొద్దున్నే సబ్‌డివిజన్‌లో వాకింగ్‌కి వెళ్లే పెద్దవాళ్లకి ఇక్కడ ఉన్న శత్రువులు అవే మరి.

అందులో రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, గ్రాకిళ్లు. ఒకే వరసలో అయిదు పెడితే ఒకటి మాయమయ్యేది. గేమ్‌బాయ్ స్క్రీన్ మీద స్ప్రైట్లు, అంటే కదిలే బొమ్మల ముక్కలు, మొత్తం నలభై, ఒక అడ్డగీతలో పది మాత్రమే కనపడతాయి. ఒక్కోటి ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, పిట్టకి రెండు కావాలి, అమ్మమ్మకి రెండు. నాలుగు పిట్టలతో కోటా అయిపోతుంది. లెక్క కాగితం మీద వేసుకుని, అయిదో పిట్టని పై కరెంటు తీగ మీద కూర్చోబెట్టింది. రెండోది కరివేపాకు. ఆటలో ఏరుకోవాల్సిన వస్తువు అదే, నాణేల బదులు. ఎనిమిది బై ఎనిమిది గళ్లలో, నాలుగు ఛాయల్లో ఆకు గీస్తే అందరూ చేప అన్నారు. ఎన్నిసార్లు గీసినా చేపే. చివరికి క్లాసు అయ్యేదాకా సోఫాలో కూర్చున్న అమ్మమ్మగారే లేచి వచ్చి చూసి, “ఆకు కాదే, రెమ్మ గియ్యి” అన్నారు. మధ్యలో ఒక ఈనె, అటూ ఇటూ చుక్కలు. కరివేపాకైపోయింది. ఆటలో తన గెంతు చూసి మాత్రం “ఈ మాత్రం నేను ఎగరలేనా” అని నొచ్చుకున్నారు.

ల్యాప్‌టాప్‌లో బాగున్నది చేతిలో బాగుండదన్నది ఇంకో పాఠం. పాత గేమ్‌బాయ్ తెర నెమ్మది. సన్న గళ్ల నేపథ్యం పక్కకి జరిగితే గళ్లన్నీ కలిసి బూడిద మరకైపోతాయి. అందుకే మా బొమ్మల్లో నేపథ్యం లేతగా, మనిషి ముదురుగా ఉంటాడు. దానికి వెనక లైటు కూడా లేదు. గదిలో కళ్లు చికిలించుకోవాలి, జులై ఎండలో పెరట్లోకి తీసుకెళ్తే అద్దంలా కనపడుతుంది. టెక్సస్ ఎండకి మెరుగుపడే వస్తువు మా ఇంట్లో అదొక్కటే.

ఈ ఊళ్లో ఈ పని చేయడానికి ఒక అనుకూలం ఉంది. ఫ్రిస్కో డిస్కవరీ సెంటర్‌లో 2016 ఏప్రిల్‌లో నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం తెరిచారు. జాన్ హార్డీ, షాన్ కెల్లీ, జో శాంటుల్లీ అనే ముగ్గురు సేకరణదారులు ఏళ్ల తరబడి పోగేసిన సరుకు అది. గోడంత పాంగ్ ఆట, ఎనభైల నాటి పిల్లల పడకగది, పాత ఆర్కేడ్. ప్రతి బ్యాచ్‌నీ తీసుకెళ్తాను. తండ్రులు కూడా వస్తారు. చేతిలో బ్రిక్ గేమ్‌తో, టీవీకి తగిలించే క్యాసెట్‌తో పెరిగినవాళ్లు, క్యాసెట్ నోట్లోకి ఊదడం ఎలాగో పిల్లలకి చూపిస్తారు.

ఈ చుట్టుపక్కలే ఇంకో చరిత్ర కూడా ఉంది. 1990 డిసెంబరులో కమాండర్ కీన్ అనే ప్లాట్‌ఫార్మర్‌ని జనంలోకి వదిలిన అపోజీ కంపెనీ డల్లాస్ పక్కన గార్లండ్‌లోది. దాన్ని రాసిన జట్టే తరవాత ఇడ్ సాఫ్ట్‌వేర్‌గా మెస్కీట్‌కి వచ్చి 1993లో డూమ్ అనే ఆట చేసింది. డూమ్ లెవెళ్లనీ బొమ్మలనీ విడి ఫైల్‌లో పెట్టారు, ఎవరైనా తమవి పెట్టుకోవడానికి వీలుగా. 1997లో సోర్సు కూడా ఇచ్చేశారు. మార్చుకోదగ్గ ఆట అన్న ఆలోచన ఊరూరా పాకింది ఆ దెబ్బతోనే. మన పిల్లలు రోజూ స్కూలుకెళ్లే ఊరికి ట్రాఫిక్ లేకపోతే గంటలోపు దూరంలో.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు రెండే. రోబ్లాక్స్‌లో కూడా ఆటలు చేస్తున్నారు కదా అన్నది ఒకటి. చేస్తున్నారు, బాగానే చేస్తున్నారు. కానీ అది కంపెనీ సర్వర్ల మీద నడుస్తుంది, కొంత లోతు వరకే తవ్వనిస్తుంది. గేమ్‌బాయ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అనేదే లేదు. ఆన్ చేయగానే 256 బైట్ల బూట్ ప్రోగ్రామ్ నడిచి తప్పుకుంటుంది, ఆపైన ప్రతి బైటూ మీ పిల్లది. ఎనిమిది కిలోబైట్ల ర్యామ్ మొత్తాన్ని ఒక చార్టు మీద గీసి గోడకి అంటించవచ్చు. మా ఇంట్లో అంటించి ఉంది. పెద్ద కంపెనీల్లో పనిచేసే తండ్రులు ఆ చార్టు ముందు పిల్లలకంటే ఎక్కువసేపు నిలబడతారు. వాళ్లు చూసే సిస్టమ్‌లో వాళ్ల వంతు ఏదో ఒక మూల మాత్రమే.

రెండో ప్రశ్న కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా అని. దానికి నా దగ్గర జవాబు లేదు, ఫీజు మాత్రం తక్కువ.

న్యాయం గురించి అడిగేది పిల్లలే. “మారియో బొమ్మ పెట్టొచ్చా?” వద్దు, అది నింటెండోది, మీ అమ్మమ్మని పెట్టుకోండి అంటాను. అయితే ఒక తమాషా ఉంది. మనం రాసిన క్యాసెట్‌లో కూడా 0104 అడ్రస్ నుంచి 48 బైట్లలో నింటెండో లోగో ఉండి తీరాలి. పెట్టె ఆన్ అయ్యేటప్పుడు ఆ బైట్లని తన దగ్గరున్నవాటితో పోల్చి చూస్తుంది. తేడా వస్తే అక్కడే బిగుసుకుపోతుంది. లైసెన్సు లేనివాళ్లని ఆపడానికి వేసిన గొళ్లెం అది. సెగా కంపెనీ తన పెట్టెలో ఇలాంటిదే పెడితే, అకోలేడ్ అనే చిన్న సంస్థ ఆ గొళ్లెం దాటింది. 1992లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అకోలేడ్ వైపు తీర్పు చెప్పింది. ఈ కథ చెప్పాక ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఆ 48 బైట్లలో ఒకటి మార్చి ఏమవుతుందో చూస్తారు. చూడమనే చెబుతాను.

వేసవి బ్యాచ్‌కి ఒక నిబంధన పెట్టాను. మొదటి నెల ఎవరూ కొత్త ఆట మొదలుపెట్టకూడదు. పోయిన బ్యాచ్‌లో ఎవరో చేసినదాన్ని తీసుకుని మార్చాలి, మార్చాక ఆ పిల్లకే ఇచ్చి ఆడించాలి. అమ్మమ్మ ఆట కోసం ఇప్పటికే ముగ్గురు పోటీ పడుతున్నారు. ఒకడికి ఆవిడ చేతికి కర్ర కావాలట. ఆ అమ్మాయి ఒప్పుకోవడం లేదు.