గొర్రెలున్నాయా అని అడగాలి

జనవరి 9
స్కానింగ్ రిపోర్టు: కుడి అండాశయం దగ్గర గదులు గదులుగా నీటి తిత్తి. క్యాన్సర్ సూచిక సీఏ-125 మామూలుగానే ఉంది. చివర్లో రేడియాలజిస్టు ‘హైడాటిడ్’ అని రాసి ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ ప్రశ్నార్థకానికి కాఫీ ఇప్పించాలి.

జనవరి 10
వార్డులో రోగిని అడిగాను. “గొర్రెలుండాయి మేడమ్. కుక్కలు లేకుంటే మంద నిలుస్తాదా?” కడుపునొప్పికీ కుక్కలకీ ఏం సంబంధమన్నట్టు చూసింది.

సంబంధం హైడాటిడ్ తెచ్చే ఎకినోకాకస్ అనే బద్దెపురుగు. కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల ప్రాణి. గుడ్లు మలంతో గడ్డిలోకి, నీళ్లలోకి, చేతులకి. గొర్రె మేస్తే దాని కాలేయంలో తిత్తులు. కోసినప్పుడు ఆ పాడు కాలేయం కుక్కకు విసురుతారు. పురుగుకు కావలసిందీ అదే. మనిషి మధ్యలో దూరినవాడు.

జనవరి 12
కాలేయమూ, ఊపిరితిత్తులూ చూశాం. కాలేయంలో గట్టిపడిన పాత తిత్తి ఒకటి. ఈ జబ్బు ఎక్కువగా అక్కడే. పొత్తికడుపులో చాలా అరుదు. అందుకే అండాశయంలో కనిపిస్తే అందరికీ ముందు క్యాన్సరే గుర్తొస్తుంది.

జనవరి 13
“సూదితో నీళ్లు తీసి చూద్దామా?” అన్నాడు పీజీ కుర్రాడు. కాలేయంలో అయితే మందుల రక్షణలో అదీ చేస్తారు. ఇక్కడ వద్దన్నాను. నీళ్లు లోపల ఒలికితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు, కొత్త తిత్తులూ మొలవవచ్చు.

ఆల్బెండజోల్ మొదలుపెట్టాం. కొవ్వున్న తిండితో వేస్తేనే ఒంటికి బాగా పడుతుంది. “నెయ్యి తినమనే డాక్టరమ్మను ఇప్పుడే చూస్తి” అంది.

ఫిబ్రవరి 6
ఆపరేషన్. చుట్టూ గాఢ ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరిచాం. తిత్తి చిట్లకుండా వచ్చింది. పాథాలజీ బల్ల మీద కోస్తే లోపల పిల్ల తిత్తులు, ఒలిచిన తాటిముంజల్లా.

ఫిబ్రవరి 8
ఐస్‌లాండ్ గురించి చదివాను. ఒకప్పుడు అక్కడ ఇది ఇంటింటి జబ్బు. 1863లో హరాల్డ్ క్రాబే డెన్మార్క్ నుంచి వెళ్లి కుక్కల పేగులు కోసి చూశాడు. మరుసటి ఏడు జనానికి చిన్న పుస్తకం పంచారు, ఆపై కుక్కల మీద చట్టం తెచ్చారు. ఇప్పుడక్కడ లేదు. సర్జన్ల కన్నా ఆ పుస్తకమే ఎక్కువ కడుపులు కాపాడిందని నా లెక్క. మన ఆదివారం మాంసం కొట్ల వెనక కుక్కలు ఇంకా అలాగే కాచుక్కూర్చుంటున్నాయి.

ఫిబ్రవరి 12
డిశ్చార్జి. మాత్రలు కొనసాగించాలి. కుక్కలకు పురుగుల మందు ప్రాజిక్వాంటెల్ కోసం పశువుల ఆసుపత్రికి చీటీ రాశాను. కొడుకు చదువుకుని, “మావి రెండే మేడమ్. ఊరి కుక్కలకు ఎవరేస్తారు?” అన్నాడు.

రేపు పశువుల డాక్టరుకు ఫోన్ చేయాలి.