గింజ లేని కనకాంబరం

మా రాయకోటలో వీధికొక మాట. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో తమిళం, ఇంకాస్త పోతే కన్నడం. పూలంగడి దగ్గర మాత్రం అందరూ ఒకే పేరుతో అడిగే పువ్వు ఒకటుంది. అదే కనకాంబరం! కన్నడం వాళ్లు చివరి సున్న వదిలేస్తారు, అంతే.

ఇది పరాయి మొక్క కాదు. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిల్లు. దగ్గుకు వాడే అడ్డసరం దీనికి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. పచ్చటి వెన్నులో పూలు కిందినుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి. అందుకే రోజు విడిచి రోజు కోసుకోవచ్చు. కాస్త నీడ ఉన్నా పూస్తుంది గాని, పాదులో నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. వాసన లేదు గనుక మరువమో, మల్లెలో కలిపి కడతాం. బరువుండదు, తొందరగా వాడదు. పొద్దున జడలో పెడితే సాయంత్రం దాకా కళగా ఉంటుంది.

నాటు రకానికి కాయలు కాస్తాయి. ఎండిన కాయకు తడి తగిలితే టప్పున పగిలి గింజలు దూరంగా పడతాయి. చిన్నప్పుడు వాటిని నీళ్లలో వేసి, ఆ చప్పుడుకు నవ్వుకోని వాళ్లెవరు? మా అమ్మ పెంచింది మాత్రం ఢిల్లీ కనకాంబరం. ముదురు నారింజ రంగు. అది గింజ కట్టదు. ఎవరో ఒకరు కొమ్మ తుంచి నాటితేనే దాని వంశం నిలుస్తుంది.

అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె చేత్తో నాటిన మొక్కా ఎప్పుడో పోయింది. రెండు మూడేళ్లు బాగా పూసి, ఆపైన తగ్గిపోతుందది. వేళ్లకు నులిపురుగులు పడితే ఇంకా ముందే పోతుంది. అయినా ఇవాళ మా పెరట్లోనూ, హోసూరులో మా చెల్లెలింటి కుండీలోనూ పూస్తున్నది అమ్మ మొక్కే. ఒకరింట్లో చచ్చిపోతే ఇంకొకరింటినుంచి కొమ్మ తెచ్చుకుంటాం.

ఇంట్లో తెలుగు కూడా ఇంతేననిపిస్తుంది. తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత బడిలో చేరిన పిల్లలు మా మనవలు. తమిళం చదవనీ, ఉన్న ఊరి భాష రావాల్సిందే. వాళ్ల ముత్తవ్వ మాటలు మాత్రం బడిలో దొరకవు. అవి వాటంతటవే పడి మొలవవు. రాత్రి అన్నం కలిపి పెడుతూ ఒక కథో, ఒక సామెతో మనమే చెప్పాలి.

మీ ఇంట్లో ఈ మొక్క ఉంటే బెత్తెడు కొమ్మ తుంచి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చండి. తడి ఆరనివ్వకండి. వేరు పట్టాక ఒకటి మీరుంచుకుని, ఒకటి తోబుట్టువులకివ్వండి.